బొల్లి గంట

"కూచోమంటే నిలబడతాడు, నిలబడమంటే పండుకుంటాడు. అట్లాంటి పిల్లోనికి రెండు కండ్లకూ కట్టు కట్టి, 'వీడు ఏడవకూడదు, చెయ్యి కంటి మీదికి పోకూడదు, తల ఎక్కడా తగలకూడదు, ఇంక ఇంటికి తీసుకపో' అన్నాడు నాయనా ఆ డాక్టరు. కర్నూలెక్కడ, కంభమెక్కడ. ఆ పొద్దు నా పక్కన నువ్వుండింటే రాసుకునేదానికి శానా దొరికుండు."

శేషమ్మ ఈ మాట చెబుతున్నంతసేపూ చేతిలో కదురు తిరుగుతూనే ఉంది. అర్ధవీడులో, ఆమె ఇంటి ముందు, గొర్రెల దొడ్డి కంచె పక్కన కూర్చున్నాం. నేను వచ్చింది కంబళి కోసం ఉన్ని ఎట్లా వడుకుతారో అడిగి తెలుసుకుందామని. అంతలో ఆమె మనవడు కాటమరాజు ఎదురుగా పోయాడు. ఆరేళ్ళవాడు. నిక్కరు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో మేకపిల్లను తోలుకుపోతున్నాడు. "ఇట్ల రారా, నాడా కడతా" అంది శేషమ్మ. వాడు వెనక్కి కూడా చూడలేదు. అక్కణ్ణుంచి కదురు మాట పోయి కాటమరాజు మాట మొదలైంది.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి, రెండో వేసవి. బీళ్ళలో గడ్డి లేదు. మేకలకు మేతగా శేషమ్మ దోటితో తుమ్మ కొమ్మలు కోస్తోంది. పొడుగు గడకు చివర కొడవలి కట్టుకొని కిందనుంచి లాగడం. రెండున్నరేళ్ళ కాటమరాజు గడ తనకిమ్మని పట్టుబట్టాడు. ఆ వయసులో వాడికి అన్నిటికంటే బాగా వచ్చిన మాట 'నేనే'. అన్నం నేనే, నీళ్ళు నేనే, తలుపు నేనే. ఆమె వాణ్ణి ఎత్తుకుపోయి దూరంగా నీడలో కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి వచ్చింది.

"కదలొద్దు అన్నా చూడు, అదే నేను చేసిన తప్పు. ఏమీ అనకుండింటే ఆడనే ఆడుకుంటాండేవాడేమో."

కొమ్మ తెగే వేళకు వాడు చెట్టు కింద ఉన్నాడు. ముల్లు కుడికంట్లో దిగింది.

తండ్రి యల్లయ్య గొర్రెలను పక్కవాళ్ళకు అప్పగించి, తల్లి శేషమ్మనూ బిడ్డనూ తీసుకొని కర్నూలు పోయాడు. చెంచమ్మ, అంటే పిల్లవాడి తల్లి, నెలలు నిండిన మనిషి. కదలడానికి లేదు. గడప దగ్గర నిలబడి, బిడ్డను శేషమ్మ చేతుల్లో పెట్టింది.

"ఒక్క మాట అనలేదు నాయనా నా కోడలు. నీ చేతిలో దోటి ఉండె కదా, నీ కండ్లేమైనాయి అని ఒక్క మాట అనుంటే బాగుండు. బిడ్డను ఇచ్చి ఊరకుండింది. తొమ్మిది దినాలు ఆసుపత్రిలో నాకు వినపడింది అదే, ఆమె అనని మాట."

డాక్టరు నల్లగుడ్డు అంచున కుట్టు వేశాడు. ఒక కన్ను కదిలితే రెండోదీ కదులుతుందని రెండు కళ్ళకూ కట్టు కట్టారు. పిల్లవాడు కట్టు పీకకుండా మోచేతులకు అట్టలు పెట్టి గుడ్డ చుట్టారు. చేతులు కట్టేసరికి వాడు ఊపిరి తిరక్కుండా ఏడ్చాడు. ఏడుపుతో కుట్టు తెగుతుందని అట్టలు తీసేశారు. తియ్యగానే చెయ్యి కట్టు మీదికి పోయింది. కడితే ఒక భయం, విప్పితే ఒక భయం. యల్లయ్య నాలుగు రోజులుండి, గొర్రెల కోసమూ భార్య కోసమూ వెనక్కి పోయాడు. తర్వాత అయిదు రోజులూ శేషమ్మ వాడి రెండు మణికట్లూ తన కుడిచేతిలో పట్టుకొనే తిన్నది, పట్టుకొనే నిద్రపోయింది. నర్సు అడుగు చప్పుడు వింటేనే వాడు బిగుసుకుపోయేవాడు. ఇది చూసి డాక్టరే అన్నాడట, ఇక్కడకంటే ఇంటి దగ్గరే వీడు నయంగా ఉంటాడని. ఇంకా పదకొండు రోజులు కట్టు ఉండాలి, ఆ తర్వాత కంభంలో కాంపౌండరు విప్పుతాడు.

"కుట్టు ఇంకా పచ్చిగా ఉండాదమ్మా, రైల్లో గట్టిగా ఏడిస్తే కారేది కన్నీళ్ళు కాదు, కన్నే, అన్నాడు. నాకు ఇంగ్లీషు రాదు గాని ఆ మాట తెలుగులోనే అన్నాడు."

రైలెక్కే ముందు రెండు రోజులు, వాడు గాఢనిద్రలో ఉన్న వేళల్లో, శేషమ్మ ఒక పని చేసింది. వెంట తీసుకుపోయిన సంచిలో గోధుమరంగు ఉన్ని ఉంది, కదురూ ఉంది. వడికిన దారాన్ని ఉండగా చుడుతూ, నాలుగు చుట్లకొక వస్తువు లోపల పెట్టింది. చింతగింజ. గవ్వ. ఆకులో చుట్టిన బెల్లం ముక్క. నున్నగా అరిగిన పలక పెంకు. ఎండు ఖర్జూరం. గొర్రె వెంట్రుకల కుచ్చు. మళ్ళీ చింతగింజ. ఉండ చిన్న గుమ్మడికాయంత అయింది. కళ్ళు లేకపోయినా వేళ్ళకు పని ఉంటుంది. దారం విప్పుతూ పోతే ఒక్కొక్కటే దొరుకుతుంది. విప్పడానికి రెండు చేతులూ కావాలి. ఇట్లాంటి ఆలోచన ఎవరు చెప్పారని అడిగితే ఆమె నవ్వింది.

"ఎవరు చెప్తారు. తల్లి లేని గొర్రెపిల్ల పాలు తాగనంటే ఏం చేస్తాము, నోటికి వేలందిస్తాము. ఏదో ఒకటి అందియ్యాల."

ద్రోణాచలంలో బండి మారేవరకు కాటమరాజు నిద్రలో ఉన్నాడు. గుంటూరు వైపు పోయే బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదుటి బల్ల మీద గిద్దలూరు బట్టల దుకాణం వాళ్ళ కోడలు భ్రమరాంబ, ఒడిలో నెలల బిడ్డ. ఆమె పక్కన బేస్తవారిపేట గోవిందయ్య. ఊరికి బావి కావాలని రాజధానికి అర్జీ పట్టుకుపోయి, ఎనిమిది రోజులు గుడారాల్లో నడిచే సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగి వస్తున్న మనిషి.

బేతంచెర్ల దాటకముందే వాడు లేచాడు. లేచి ఉండను చేతిలోకి తీసుకున్నాడు. శేషమ్మ దారం కొస వేలికి అందించింది. వాడు కొస వదిలేసి, ఉండ మధ్యలోకి వేలు దూర్చి లాగాడు.

"నాలుగు గంటలు వస్తాదనుకొని చుట్టినా. పాణ్యం రాకముందే కడుపు చీల్చినట్ల చీల్చినాడు. గవ్వలు, గింజలు, బెల్లం, అన్నీ ఒక్కసారే. కింద దారం కుప్ప. ఇంకా, అన్నాడు. ఇంకేముంది నా కాడ."

భ్రమరాంబ డబ్బా తీసి లడ్డు అందించింది. "వద్దు" అన్నాడు కాటమరాజు. ఆమె డబ్బా మూసింది. "లడ్డు" అన్నాడు. తెరిచి ఇచ్చింది. కొరికి, నమిలి, శేషమ్మ చీర మీద ఉమ్మాడు.

"మా ఇంట్లో పెద్దాయన కూడా ఇంతే పిన్నీ" అంది భ్రమరాంబ. "పెట్టిందాకా అడుగుతాడు, పెట్టినాక వంక పెడతాడు."

"అక్కా, వీణ్ణి నాకు ఇస్తే మళ్ళా కర్నూలు తీసుకపోతా" అన్నాడు గోవిందయ్య. "ఆఫీసర్ల ముందర కూచోబెడితే బావి మంజూరైపోతాది."

శేషమ్మకు నవ్వు రాలేదు. వాడి రెండు మణికట్లూ మళ్ళీ ఆమె పిడికిట్లో ఉన్నాయి. వాడు గుంజుకుంటున్నాడు. పెదవి కిందికి వంగడం మొదలైంది. ఆ పెదవి వంగితే ఎన్ని క్షణాల్లో ఏడుపు వస్తుందో ఆమెకు తెలుసు. నంద్యాల స్టేషనులో బండి ఆగి ఉండగా, సంచి అడుగున గుడ్డలో చుట్టి పెట్టిన గంట తీసి, ఒక్కసారి ఆడించింది.

అది మేకపిల్ల బొల్లి మెడలో గంట. కాటమరాజు దాని వెంట తిరిగేవాడు, అది కాటమరాజు వెంట తిరిగేది. ఊరు విడిచే పొద్దున, బిడ్డ ఊరడిల్లుతాడని ఆమె దాన్ని విప్పి కొంగున కట్టుకొని వచ్చింది. ఆసుపత్రిలో మోగిస్తే ఎవరేమంటారోనని తీయక, సంచి అడుగున పెట్టి ఉంచింది.

మేకలవాళ్ళ ఇంట్లో పుట్టినవాడికి ఏ గంట ఎవరిదో చెప్పనక్కర్లేదు. వాడి పెదవి నిలిచింది. ముఖం అటు తిరిగింది. "బొల్లి" అన్నాడు. నవ్వాడు. మరుక్షణంలో ఒడిలోంచి జారి, బల్ల కింద వెతకబోయాడు. తల బల్ల అంచుకు బెత్తెడు దూరంలో ఉండగా ఆమె పట్టుకుంది.

"బొల్లి ఏది?"

"పండుకున్నాది."

"లేపు."

గంట ఊరికే గంట అనుకుని తెచ్చింది శేషమ్మ. వాడికి గంట అంటే మేక. గంట ఇక్కడ ఉంటే మేకా ఇక్కడే ఉండాలి. నలభై ఏళ్ళుగా మందతో తిరిగిన మనిషికి అది ముందే తోచకపోవడం ఆమెకు ఇప్పటికీ చిన్నతనంగానే ఉంది.

గోవిందయ్య సాయానికి వచ్చాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని, బల్ల కిందికి వంగి, మే అని అరిచాడు.

కాటమరాజు తల పక్కకు వంచి విన్నాడు. "అది గొర్రె" అన్నాడు. "బొల్లి మేక."

పెట్టె అంతా నవ్వింది. చుట్టూ నవ్వులు, ఏమీ కనపడదు, బొల్లి లేదు. వాడి గడ్డం వణికింది. రొమ్ము పైకి లేచింది. శేషమ్మకు వాడి చేతులు ఇంకా గట్టిగా పట్టుకోవడం తప్ప ఏమీ తోచలేదు. పట్టుకున్నకొద్దీ వాడి ఒళ్ళు విల్లులా బిగుసుకుంటోంది.

"అప్పుడు నాకు ఏమనిపించిందో చెప్తా విను. వీడు నన్ను నమ్మేది ఇంక లేదు. కండ్లు కట్టినారు, చేతులు పట్టినాను, మిగిలిన చెవుల్లో నేను అబద్ధం పోసినా. ఇంకేం మిగిలింది వానికి."

ఆమె వాడి చెవి దగ్గర నోరు పెట్టి నిజం చెప్పింది. "బొల్లి ఈడ లేదురా. ఇంటికాడ ఉండాది. అవ్వ అబద్ధం చెప్పింది. గంట నేనే తెచ్చినా."

వాడు ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ఆ ఊపిరి ఏడుపై బయటికి వస్తుందని ఆమె కళ్ళు మూసుకుంది. కానీ మాట వచ్చింది.

"బొల్లికి గంట లేదా?"

"లేదు."

"తప్పిపోతాది."

గంట లేని మేక అడవిలో తప్పిపోతుందని వాడికి వాళ్ళ నాయన చెప్పిందే. ఇప్పుడు వాడి బాధ వేరే అయింది. తనకు బొల్లి కావాలని కాదు, బొల్లికి గంట కావాలని.

"అందుకే తీసుకపోతాండాము" అంది శేషమ్మ. అది నిజమే కూడా.

బండి గాజులపల్లె దాటింది. కిటికీలోంచి వచ్చే గాలి చల్లబడి, ఎండుటాకుల వాసన మొదలైంది. నల్లమల. ఆ వాసనతో ఆమెకు మామగారి కాలం గుర్తొచ్చింది. మందను అడవి దాటించేటప్పుడు ముందు నడిచే పొట్టేలు గంట విప్పేవాళ్ళు. విప్పి, చిరుత వినకుండా లోపల ఉన్ని కుక్కి, ఒక మనిషి చేతికిచ్చేవాళ్ళు. గంట మోసేవాడు ఊరికే పరుగెత్తడు, గట్టిగా మాట్లాడడు. దాటినాక ఉన్ని తీసి మళ్ళీ కట్టేది అతనే. అది మందలో మొనగాడి పని.

కింద దారం కుప్ప ఎట్లాగూ ఉంది. ఎడమచేత్తో అందినంత తీసి గంటలోకి కుక్కింది. మనవడికి చెబుతున్నట్టు కాదు, పెట్టెలో అందరికీ అన్నట్టు పైకే అంది. "అడివి వస్తాంది. గంట మోగితే చిరుత వింటాది. ఎవరన్నా పట్టుకోండి, నా చేతులు ఖాళీ లేవు."

గోవిందయ్య చెయ్యి చాచి తీసుకున్నాడు. ఉన్ని సరిగా పట్టలేదు. గంట చిన్నగా టంగుమంది.

"మోగింది" అన్నాడు కాటమరాజు, తప్పు పట్టినట్టు. "నాకియ్యి. నేనే."

శేషమ్మ ఇక్కడ కదురు ఆపింది. నా వైపు చూసింది.

"ఇయ్యాలంటే వాని చేతులు ఇడవాల నాయనా. పాణ్యం నుంచి పట్టుకున్న చేతులు. ఆసుపత్రిలో అయిదు దినాలు పట్టుకున్న చేతులు. ఇడిస్తే ఒక్క గుంజు గుంజితే చాలు, కట్టు ఊడొస్తాది. నా కోడలు గడపకాడ నిలబడింది కనపడతాంది నాకు. ఇడవాలా, పట్టుకోవాలా. అడిగేదానికి ఎవరూ లేరు. ఆ గోవిందయ్య గంట పట్టుకొని నన్నే చూస్తాన్నాడు."

వదిలింది. ఒక్కొక్క వేలే తీసింది.

చిన్న చేతులు రెండూ గాలిలో కాసేపు అట్లాగే ఆగాయి, ఎవరూ పట్టుకోకపోవడం కొత్తగా ఉన్నట్టు. ఆమె తన చేతులు వాడి ముఖానికి అటూ ఇటూ, తగలకుండా, కాపలాగా ఉంచింది. గోవిందయ్య గంట అందించాడు. కాటమరాజు దాన్ని రెండు అరచేతుల్లో మూసి, పొట్టకు ఆనించుకున్నాడు. గంట మోగకూడదంటే గట్టిగా కదలకూడదు. అది ఎవరూ చెప్పలేదు. పట్టాలు మారినప్పుడు ఒకసారి గంట లోపల నాలుక కదిలితే, వాడే మోకాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు.

అంతలో బోగదా, కొండను తొలిచిన రైలు సొరంగం, వచ్చింది. ఎంతసేపని చెప్పమంటే శేషమ్మ చెప్పలేకపోయింది, కొండ కడుపులోకి పోయినట్టుందని మాత్రం అంది. పెట్టెలో దీపం లేదు. పొగ, మోత, చీకటి. అందరి కళ్ళకూ కట్టు కట్టినట్టయింది. భ్రమరాంబ ఒడిలో బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు ఎత్తుకుంది. ఎక్కడో ముసలాయన గోవిందా అంటున్నాడు. కాటమరాజుకు మాత్రం చీకటిలో మార్పేమీ లేదు.

"పాపను ఏడవద్దని చెప్పు" అన్నాడు గుసగుసగా. "పులి వింటాది."

"చెప్తాలే నాయనా" అంది భ్రమరాంబ, ఆమే భయపడినట్టు గొంతు తగ్గించి.

వెలుతురులోకి వచ్చాక చూస్తే, పెట్టెలో సగంమంది అట్లాగే గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. గోవిందయ్య చుట్ట కూడా ముట్టించలేదు. దిగువమెట్టలో ఎవరో గట్టిగా మాట్లాడుతూ ఎక్కితే అతను వేలు పెదవుల మీద పెట్టి పిల్లవాణ్ణి చూపించాడు. గిద్దలూరులో దిగేటప్పుడు భ్రమరాంబ గంట తగలకుండా వాడి భుజం మీద చెయ్యి వేసి దిగింది. కంభం వచ్చేసరికి కాటమరాజు కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోతున్నాడు. అరచేతులు మాత్రం తెరుచుకోలేదు.

స్టేషనుకు ఎద్దులబండి కట్టుకొని యల్లయ్య వచ్చాడు. ఇంటి దగ్గర చెంచమ్మ కొత్తబిడ్డతో మంచంలో ఉంది. కాటమరాజు తల్లి దగ్గరికి పోలేదు. దొడ్డిలోకి తీసుకుపొమ్మన్నాడు. ఉన్ని పోగులు వాడే లాగి తీశాడు. బొల్లి మెడ తడిమి, తాడు ముడి మాత్రం వాళ్ళ నాయనను వెయ్యనిచ్చాడు.

ఇదంతా అయ్యాక కూడా అసలు సంగతి తేలలేదు. కన్ను ఉందో లేదో కట్టు విప్పితే గాని తెలియదు. పదకొండో రోజు కంభం కాంపౌండరు విప్పాడు. ఎడమకంటికి చెయ్యి అడ్డం పెట్టి, "ఇవి ఎన్ని వేళ్ళు?" అన్నాడు. కాటమరాజు చెప్పలేదు. "మీ అవ్వ ఏది?" చెప్పలేదు. "కనపడతాందా లేదా?" ముఖం తిప్పుకున్నాడు.

"అడిగితే చెప్పే పిల్లోడైతే వాడు కాటమరాజెందుకైతాడు. తెలిసే చెప్పలేదో, తెలియక చెప్పలేదో. రెండు దినాలు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు."

మూడో రోజు పొద్దున చెంచమ్మ వాడికి తల తుడుస్తోంది. తుండు వాడి ఎడమకంటిని కప్పేసి ఉంది. ఎదురుగా బొల్లి వచ్చి నిలబడింది.

"బొల్లికి కొమ్ములొచ్చినాయి" అన్నాడు వాడు.

చెంచమ్మ తుండును ఎడమకంటి మీదే అదిమి పట్టి, వాడు చూసింది కుడికంటితోనేనని సరిచూసుకుంది. తర్వాత అత్తవైపు తిరిగి, ఇరవై రోజులకు పైగా గొంతులో పెట్టుకున్న మాట బయటికి తీసింది.

"ఇంకెప్పుడన్నా నా బిడ్డ దగ్గర ఉండంగ ఆ దోటి పట్టినావంటే చూడు అత్తా. కండ్లు ఎక్కడ పెట్టుకొని కోస్తావు నువ్వు."

"ఆ తిట్టు ఎంత సల్లగుండిందో నీకు చెప్పినా తెలియదు" అంది శేషమ్మ.

పొద్దు వాలుతోంది. ఆమె వడికిన దారాన్ని ఉండగా చుట్టి పక్కన పెట్టింది. దొడ్డి అవతల కాటమరాజు నిక్కరుకు తనే ఏదో తాడు కట్టుకుంటున్నాడు, ముడి కళ్ళకు దగ్గరగా పెట్టుకోవడానికి నడుము వంచి. కుడికంటి నల్లగుడ్డు మీద జొన్నగింజంత తెల్లమచ్చ ఉంది. నేను లేచాను. ఎటు పోతున్నానని అడిగింది. మార్కాపురం అన్నాను.

"అయితే నాకొక పని చేసిపెట్టు. వీడు ఈ ఏడు బళ్ళో చేరినాడు. ఆ కంట మనిషీ మేకా కనపడతాయి గాని సన్న అక్షరాలు ఆనవు, మంచి కన్ను కూడా దాని వెంట మసకేస్తాంది. అయ్యవారు ముందర కూచోమన్నాడంట, పోయి కడాన కూచున్నాడు. వీని పలక బూడిద రంగుది, రాసింది వానికే కనపడదు. మార్కాపురంలో పలకలు కోసేవాళ్ళ కాడ నిలబడి, బాగా నల్లరాయి చూసి, పెద్దది ఒకటి తీసుకరా. తెచ్చి నా చేతికి ఇయ్యొద్దు, వానికే ఇయ్యి. కంటి కోసమని మాత్రం చెప్పొద్దు నాయనా. ఇంత పెద్ద పలక పగలగొట్టకుండా బడిదాకా మోసేవాడు కావాల, ఎవరన్నా ఉండారా అని ఊరికే అడుగు. అడిగి, వాని పక్క చూడకుండా నిలబడు."